ముందు చక్రం దగ్గర గూమంటోంది, అది బేరింగేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. పులివెందుల నుంచి కడపకు రోజూ తిరిగే చిన్న హ్యాచ్‌బ్యాక్, 84 వేల కిలోమీటర్లు తిరిగింది. యాభై దాటితే ముందు నుంచి గూ అని ఒకటే మోత, ఎనభైలో పక్క సీటు వాళ్ల మాట కూడా వినపడదు. టైర్ల షాపాయన టైర్లు మార్చమన్నాడు, మెకానిక్ రెండు వైపులా బేరింగులు పోయాయన్నాడు. ఎవరి మాట నమ్మాలి, బేరింగే అయితే ఇంటి దగ్గర మార్చుకోవచ్చా, అంతవరకు బండి నడపొచ్చా?

అనంతపురంలో ఇరవై ఆరేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. ముందు మూడో ప్రశ్నకే జవాబు చెప్తాను. మోత మాత్రమే ఉండి, చక్రంలో లూజు లేకపోతే, ఊళ్లోనే మెల్లగా షెడ్డు దాకా పోవచ్చు. చక్రం పట్టి ఊపితే కదులుతుంటే మాత్రం ఆ బండిని కడప రోడ్డెక్కించొద్దు. అరిగిన బేరింగు వేడెక్కుతుంది, గ్రీజు కరిగి బయటికొస్తుంది, లోపల గోళీలను విడివిడిగా పట్టుకునే కేజ్ విరుగుతుంది. ఆ తర్వాత చక్రం బిగుసుకుపోవచ్చు, హబ్బుతో (చక్రం బోల్టులు బిగించే నడిమి భాగంతో) సహా ఊడి రావచ్చు కూడా. మోత మొదలైన రోజు నుంచి అక్కడిదాకా నెలలు పట్టొచ్చు, వారం కూడా పట్టొచ్చు. బేరింగును బయటి నుంచి చూసి గడువు చెప్పగలిగిన మెకానిక్‌ను నేనింతవరకు చూడలేదు.

ఇక మోత ఎవరిది అన్న సంగతి. దీనికి కొంచెం ఓపిక కావాలి. మా దగ్గరికి వచ్చిన ఒకాయన అప్పటికే నాలుగు టైర్లూ కొత్తవి వేయించుకున్నాడు. మోత పోలేదు. పోయిన బేరింగు ఒక్కటే, కుడి ముందుది. దీనికి తిరగబడిన కేసు కూడా చూశాను: వేరే చోట రెండు బేరింగులు మార్పించుకుని వస్తే, అసలు దోషం వెనకాల టైరుది. కాబట్టి మీ టైర్ల షాపాయనా అబద్ధం చెప్పి ఉండడు, మెకానిక్కూ చెప్పి ఉండడు. ఎవరి సరుకు వాళ్లకు కనపడుతుంది, అంతే.

ఖాళీ రోడ్డు దొరికినప్పుడు, వెనకా ముందూ బండ్లు లేవని చూసుకుని, డెబ్బైలో పోతూ గేరు న్యూట్రల్‌లోకి తీయండి. ఇంజను ఆపొద్దు, ఆపితే స్టీరింగూ బ్రేకూ బరువెక్కుతాయి. ఇంజను చప్పుడు తగ్గినా గూ అనే మోత అలాగే ఉండి, బండి వేగం పడిపోయేకొద్దీ సన్నబడుతుంటే అది ఇంజనుదీ గేరుబాక్సుదీ కాదు, చక్రాల దగ్గరిదే. ఇక తారురోడ్డు మీద నుంచి సిమెంటు రోడ్డు మీదకి ఎక్కినప్పుడు వినండి. టైరు మోత అయితే రోడ్డు మారగానే దాని స్వరం మారిపోతుంది. బేరింగు మోతకు రోడ్డుతో పెద్దగా పని లేదు, వేగంతోనే పని.

ఆ తర్వాత అరవైలో పోతూ స్టీరింగును మెల్లగా ఎడమకూ కుడికీ ఊపండి, పాము పాకినట్టు. జోరుగా తిప్పి గుంటలో పడొద్దు. ఎడమకు తిప్పితే బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగి, కుడికి తిప్పితే తగ్గితే కుడివైపు బేరింగు మీద అనుమానం. దీనికి తిరగేసి అయితే ఎడమది. ఇది పది కేసుల్లో పదీ నిలిచే సూత్రం కాదు. ఈ బేరింగుల్లో గోళీలు రెండు వరసలుంటాయి, ఏ వరస పోయిందన్న దాన్నిబట్టి ఒక్కోసారి తిరగబడుతుంది. పైగా చప్పుడు ఇనుము వెంబడి పాకుతుంది. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి ఎడమ చప్పుడు కూడా కుడి నుంచి వచ్చినట్టే ఉంటుంది. అందుకే ఇంకొకరిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వినమనండి.

స్టీరింగు పూర్తిగా తిప్పి యూ టర్న్ కొట్టేటప్పుడు టకటక అంటే అది బేరింగు కాదు, గేరుబాక్సు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే డ్రైవ్ షాఫ్టు, బయటి జాయింటు. బ్రేకు మీద కాలు పెట్టగానే చప్పుడు మారితే ప్యాడ్లు చూడండి. ఇవి త్వరగా తేలిపోతాయి.

టైరును అరచేత్తోనే పట్టుకోవచ్చు. టైరు గాట్ల మీద అరచేయి ఒకవైపుకు రాసి, తర్వాత వెనక్కి రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా గరుకుగా తగిలితే మోతకు ఆ టైరే కారణం కావొచ్చు. అలైన్‌మెంటు తప్పినా, షాక్ అబ్జార్బర్ చచ్చినా టైరు ఇలా తినేస్తుంది. ఇంకా అనుమానం ఉంటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి అదే రోడ్డు మీద పొండి. మోత వెనక్కి పోతే బేరింగు జోలికి వెళ్లనక్కర్లేదు. ఖర్చు లేని పరీక్ష ఇది, జాకీ ఉంటే చాలు.

ఇప్పుడు చక్రం పైకెత్తి చూసే పని. చదునైన చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చేయి పెట్టొద్దు, స్టాండు వేయండి. మన వైపు ఎండాకాలం తారు మెత్తబడి జాకీ కూరుకుపోతుంది, కింద ఒక మందపాటి చెక్క పలక పెట్టుకుంటే మంచిది. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి, తర్వాత ఎడమా కుడీ పట్టి ఊపండి. ఎడమ కుడి ఊపినప్పుడే లూజు ఉంటే ముందు టై రాడ్ ఎండు (స్టీరింగు నుంచి చక్రానికి వచ్చే కడ్డీ చివరి జాయింటు) చూడాలి. పైనా కిందా కూడా ఉంటే ఒకరిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. లూజు మాయమైతే బేరింగు. బ్రేకు తొక్కినా లూజు పోకపోతే చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే బాల్ జాయింటో, లోయర్ ఆర్మో. బ్రేకు వేస్తే డిస్కూ హబ్బూ నకలూ (ఇంగ్లీషులో నకిల్, బేరింగు కూర్చునే ఇనుప దిమ్మ) ఒకే ముక్కలా అయిపోతాయి కదా, అప్పుడు ఇంకా కదిలేది వాటికి అవతల ఉన్న భాగమే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. లూజు లేదు కాబట్టి బేరింగు బాగుంది అనేస్తారు. ఈ కాలపు బేరింగు మోత మొదలుపెట్టిన చాలా రోజులకు గానీ లూజు ఇవ్వదు. అందుకని చివరి పరీక్ష చేయాలి. ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగును పట్టుకుని, ఇంకో చేత్తో చక్రాన్ని తిప్పండి. బాగున్న బేరింగైతే స్ప్రింగులో ఏమీ తెలియదు. పోయిన బేరింగైతే తిరగలిలో జొన్నలు పోసి తిప్పినట్టు గరగర చేతికి తెలుస్తుంది. చెవికి వినపడకపోయినా చేతికి తెలుస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఒక్కసారి సర్రుమంటే కంగారు పడొద్దు, ప్యాడు డిస్కుకు తగిలే చప్పుడది. రెండు పక్కలా పట్టి చూసి పోల్చుకోండి. ఒకటి మెత్తగా, ఒకటి గరగరగా ఉంటే ఏది మార్చాలో తేలిపోతుంది. చక్రం గాల్లో ఉండగా ఇంజను స్టార్ట్ చేసి గేరులో తిప్పి వినే పద్ధతి కొందరు చూపిస్తారు. ఇంటి దగ్గర అది చేయొద్దు, జాకీ జారితే బండి ఉరుకుతుంది.

బ్రేకు మొదటిసారి తొక్కితే లోతుగా దిగి, రెండోసారికి సరిగ్గా ఉండడం కూడా బేరింగు లూజుకు ఒక గుర్తు. డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు అప్పుడప్పుడు వెలగడం కూడా అంతే, సెన్సరుకూ తిరిగే భాగానికీ మధ్య ఎడం మారిపోతుంది.

బేరింగు ఎందుకు పోయిందంటారా? 84 వేలకు పోవడం వింతేం కాదు. నీళ్లే పెద్ద శత్రువు. 2022 అక్టోబరులో పండమేరు వంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి గుర్తుందా, ఆ తర్వాత కొన్ని నెలలపాటు మా షెడ్డుకు గూమంటూ వచ్చిన బండ్లు తక్కువ కాదు. చక్రాల దాకా నీళ్లలో నిలబడిన బండి బయటికి బాగానే ఉంటుంది, సీలు లోపలికి చేరిన నీళ్లు మాత్రం గ్రీజును తెల్లగా మజ్జిగలా చేసేస్తాయి. వంక దాటేటప్పుడు కూడా ఇదే. పరుగెత్తి వేడెక్కిన హబ్బు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో పడితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు అంచు నుంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. వాటర్ సర్వీసులో ప్రెషర్ గన్ను నేరుగా హబ్బుకు పెట్టి కొట్టించొద్దని నేను చెప్తూనే ఉంటాను. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగు యూనిట్ల దగ్గర తిరిగే బండ్లకు ఆ సన్న పొడి కూడా తోడవుతుంది. గుంతలు, కొలత తప్పిన పెద్ద అల్లాయ్ వీళ్లు సరేసరి. చక్రం బయటికి జరిగేకొద్దీ బరువు బేరింగు మధ్యలో పడకుండా ఒక అంచు మీద పడుతుంది.

కానీ నా లెక్కలో రోడ్డు చంపే బేరింగుల కంటే బిగించేటప్పుడు చచ్చేవే ఎక్కువ. నేనూ చంపాను. షెడ్డు పెట్టిన కొత్తల్లో బేరింగును నొక్కి ఎక్కించే ప్రెస్ లేదు. కొత్తదాన్ని సుత్తితో కొట్టి దించేవాణ్ణి. బాగానే కూర్చునేది, ఏ చప్పుడూ ఉండేది కాదు. రెండు నెలలకు అదే బండి అదే మోతతో వచ్చేది. కంపెనీ బేరింగు బాగాలేదు అని కస్టమరుకు చెప్పేవాణ్ణి. ఒకరోజు ఒక పాతదాన్ని కోసి చూస్తే లోపలి రేసు (గోళీలు దొర్లే ఉక్కు రింగు; లోపల ఒకటి, బయట ఒకటి ఉంటాయి) మీద గోళీల ఎడంతో సరిగ్గా వరసగా చుక్కలు ఉన్నాయి. నా సుత్తి దెబ్బలవి.

అందుకే మీ రెండో ప్రశ్నకు జవాబు సగం అవును, సగం కాదు. ముందు మీ బండికి ఏ రకం బేరింగో తెలుసుకోండి. కొన్ని బండ్లకు బేరింగూ హబ్బూ కలిసి ఒకే యూనిట్‌గా వస్తాయి, నకలుకు బోల్టులతో బిగిస్తారు. అదైతే చేతివాటం ఉన్నవాళ్లు ఇంటి దగ్గర మార్చుకోవచ్చు. మన చిన్న కార్లలో చాలావాటికి బేరింగును నకలులోకి ప్రెస్ చేసి ఎక్కించాలి. అదైతే నకలును ఇంటి దగ్గర విప్పుకుని, హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న టర్నింగ్ షాపుకు తీసుకుపొండి. పాత జీపులు, ట్రాక్టర్ల ముందు చక్రాల్లో ఉండే కప్పూ కోనూ రకం టేపర్ బేరింగులు వేరే జాతి. వాటిని విప్పి, కడిగి, గ్రీజు పట్టించి, చేతికి తెలిసీ తెలియని సన్న ఆట ఉంచి స్ప్లిట్ పిన్ను వేస్తారు. ఆ పద్ధతి మీ కారుకు పనికిరాదు, దీన్ని వదులుగా ఉంచితే పోతుంది.

విప్పే పని చెప్తాను. చక్రం నడుమ షాఫ్టు చివర ఉండే పెద్ద నట్టు, అంటే యాక్సిల్ నట్టు, అంచును ఒక గాడిలోకి వంచి ఉంటే ఆ వంపును ముందు సన్న ఉలితో లేపండి. చక్రం నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, పొడుగు రాడ్డుతో నట్టు లూజు చేయండి. పాత బేరింగు ఎలాగూ పారేసేదే కాబట్టి దానికేమైనా ఫర్వాలేదు. తర్వాత పైకెత్తి, చక్రం తీసి, క్యాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే భాగాన్ని) విప్పి తీగతో స్ప్రింగుకు కట్టండి. బ్రేకు పైపు మీద వేలాడదీయొద్దు. పైపు విప్పడం లేదు కాబట్టి బ్రేకు గాలి తీసే పని ఉండదు. ఏబీఎస్ సెన్సరు ఉంటే మెల్లగా బయటికి తీసి పక్కన పెట్టండి. తుప్పు పట్టి రాకపోతే లాగి విరక్కొట్టకండి, వైరు కనెక్టరు దగ్గర విప్పేసి సెన్సరుతో సహా నకలును టర్నింగ్ షాపాయన చేతికివ్వండి. షాక్ అబ్జార్బరుకూ నకలుకూ మధ్య రెండు బోల్టులుంటాయి. విప్పే ముందు అవి ఎక్కడ కూర్చున్నాయో పెయింటుతో గీత పెట్టుకోండి, తిరిగి అదే చోట కూర్చోకపోతే చక్రం వాలు మారుతుంది. షాఫ్టును బయటికి నెట్టేటప్పుడు దాని మర మీద ఇనుప సుత్తి పడకూడదు. పాత నట్టును చివర మీద తిప్పి ఉంచి, కొయ్య ముక్క అడ్డం పెట్టి తట్టండి. షాఫ్టును పట్టి లాగితే లోపలి జాయింటు ఊడొస్తుంది, అప్పుడు ఒక పని రెండు పనులవుతుంది.

టర్నింగ్ షాపులో మీరు పక్కనే నిలబడండి. హబ్బును నొక్కి తీసినప్పుడు బేరింగు లోపలి రేసు ఒకటి హబ్బుకే అతుక్కుని వస్తుంది. దాన్ని పుల్లరుతో తీయాలి, రాకపోతే గ్రైండరుతో రేసు మీద ఒక గాడి కోసి ఉలితో పగలగొట్టాలి. గాడి హబ్బు దాకా దిగకూడదు. తర్వాత హబ్బు మెడ చూడండి. నీలంగా మాడి ఉన్నా, అరిగి మెట్టు పడి ఉన్నా హబ్బు కూడా మార్చాల్సిందే. కొందరు అరిగిన చోట సెంటర్ పంచుతో చుక్కలు కొట్టి బిగుతు తెప్పిస్తారు. ఆ చుక్కలు వేల కిలోమీటర్లు నిలబడవు. నకలు రంధ్రంలో కూడా రేసు తిరిగిన గీతలు ఉంటే అంతే సంగతి.

బేరింగు జారకుండా పట్టే సర్క్లిప్ రింగు తీసి పాత బేరింగు దించాక రంధ్రాన్ని కిరోసిన్‌తో శుభ్రం చేసి, ఆరబెట్టి, తుప్పు ఉంటే సన్న ఎమెరీ కాగితంతో రుద్దాలి. ఇక అసలు మాట. కొత్త బేరింగును నకలులోకి నొక్కేటప్పుడు ప్రెస్ బలం బయటి రేసు మీదే పడాలి. హబ్బును బేరింగులోకి నొక్కేటప్పుడు బేరింగు వెనక నుంచి లోపలి రేసుకు గొట్టం ఆధారం పెట్టి ఉండాలి. బిగుతుగా దూరుతున్నది ఏ రేసో, బలం ఆ రేసు మీదే. ఇది తప్పితే టన్నుల బలం గోళీల గుండా పోయి, నా సుత్తి చేసిన చుక్కలే ప్రెస్ కూడా చేస్తుంది. షాపాయన నకలును బెంచీ మీద అలాగే పెట్టి, వెనక గొట్టం లేకుండా హబ్బును నొక్కబోతే ఆగమనండి. విసుక్కుంటాడు, విసుక్కోనీయండి.

ఏబీఎస్ ఉన్న బండి అయితే బేరింగుకు ఒక వైపు మూతలో అయస్కాంతపు పట్టీ ఉండొచ్చు. అది సెన్సరు వైపుకు రావాలి. రెండు వైపులా ఒకేలా కనిపిస్తాయి, ఒక గుండుసూదిని దగ్గర పెడితే ఏ వైపు అంటుకుంటుందో తెలుస్తుంది. తిరగేసి ఎక్కిస్తే బండి బాగానే నడుస్తుంది గానీ ఏబీఎస్ లైటు ఆరదు, మళ్లీ బేరింగు తీయాలంటే ఆ బేరింగు పారేయాల్సిందే. ఆ వైపును ఇనుప రజను ఉన్న బెంచీ మీద పెట్టనీయొద్దు. సీలు వేసి వచ్చిన బేరింగుకు విడిగా గ్రీజు పట్టించే పని లేదు.

బేరింగు కొనేటప్పుడు పాతదాని మీద నంబరు చూసుకుని కొనండి. డీఏసీ 34640037 అని ఉందనుకోండి, లోపలి వ్యాసం 34, బయటి వ్యాసం 64, వెడల్పు 37 మిల్లీమీటర్లు. కొలతలు సరిపోయినా ఏబీఎస్ పట్టీ ఉన్నదా లేనిదా అనేది వేరే, అది అడగండి. మార్కెట్లో నకిలీ డబ్బాలు తిరుగుతున్నాయి. ఎస్‌కెఎఫ్ వాళ్లు అసలుదో కాదో ఫోటో పంపి కనుక్కునే యాప్ పెట్టారు. ఎన్‌బీసీ, టిమ్‌కెన్ లాంటివి కూడా బిల్లు ఇచ్చే షాపులోనే తీసుకోండి.

తిరిగి బిగించేటప్పుడు కొత్త యాక్సిల్ నట్టు వేయండి. ఈ నట్టే రెండు లోపలి రేసులనూ దగ్గరికి పట్టి ఉంచేది. అందుకే నట్టు పూర్తిగా బిగించకుండా బండిని కిందికి దించి నెట్టడం, దొర్లించడం చేయొద్దు. చక్రం గాల్లో ఉండగానే బ్రేకు తొక్కించి టార్క్ రెంచితో (బిగువు కొలిచే రెంచి) బిగించండి. చిన్న కార్లకు ఇది చాలావరకు 175 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో చూసుకోండి. గాలి గన్నుతో ఖంగుమనిపించి వదిలేస్తే సరిపోదు. తర్వాత నట్టు అంచును గాడిలోకి వంచండి.

మీ మెకానిక్ రెండు వైపులా పోయాయన్నాడు కదా. గరగరమన్న వైపే మార్చండి. బేరింగు బ్రేకు ప్యాడులా జతగా అరిగేది కాదు. రెండోది మెత్తగా తిరుగుతుంటే దాన్ని ప్రెస్ కిందికి పంపి చావగొట్టడం ఎందుకు? బండి నీళ్లలో మునిగి ఉంటే మాత్రం వేరే సంగతి, అప్పుడు రెండోదాని కోసం కూడా డబ్బు పక్కన పెట్టుకోండి.

పని అయ్యాక అలైన్‌మెంటు చేయించి, ముందు విన్న రోడ్డు మీదే అదే వేగంలో పోయి వినండి. మోత పూర్తిగా పోవాలి. సగమే తగ్గి, సన్నగా ఇంకో స్వరం మిగిలితే టైరు కూడా తినేసిందని అర్థం, అప్పుడు మీ టైర్ల షాపాయన దగ్గరికి మళ్లీ పొండి. పాత బేరింగును మాత్రం షాపులో వదిలేయకుండా తెచ్చుకోండి, రేసులు విడదీసి ఫోటో తీసి పెడితే అది నీళ్లకు పోయిందో, దెబ్బకు పోయిందో చూసి చెప్తాను.